సీఓపీడీ ఉన్న పొగతాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ స్కాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏళ్ల తరబడి పొగతాగి, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేవాళ్లు అడిగే ప్రశ్నలివి. కొన్ని వాళ్ల పిల్లలు అడిగేవి. తక్కువ రేడియేషన్‌తో ఊపిరితిత్తుల లోపలి బొమ్మలు తీసే లో-డోస్ సీటీ స్కాన్ గురించి విన్నవాళ్లు సాధారణంగా "నేను చేయించుకోవచ్చా?" అని మొదలుపెడతారు. నా దృష్టిలో దానికి జోడీగా ఇంకో ప్రశ్న ఉంది. స్కాన్‌లో ఏదైనా కనబడితే, ఆ తర్వాత జరిగే వైద్యాన్ని మీ ఊపిరితిత్తులు తట్టుకోగలవా? సీఓపీడీ (గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లకు ఈ స్కాన్ అందరికన్నా ఎక్కువ అవసరం, అందరికన్నా ఎక్కువ చిక్కు కూడా వాళ్లకే. ఈ పేజీలో చాలా జవాబులు ఆ చిక్కు చుట్టూనే తిరుగుతాయి.

క్యాన్సర్‌కూ సీఓపీడీకీ మూలం పొగే కదా. సీఓపీడీ ఉంటే ముప్పు ఇంకా పెరుగుతుందా?

పెరుగుతుంది. ఒకే వయసులో ఉండి, ఒకే లెక్కన పొగతాగిన ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూస్తే, సీఓపీడీ ఉన్న మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చే అవకాశం రెండో మనిషికన్నా దాదాపు రెండింతలని తేలింది. కొన్ని అధ్యయనాల్లో అంతకంటే ఎక్కువే కనబడింది. ఎంఫైసీమా ఉన్నవాళ్లదీ ఇదే సంగతి. ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గదుల గోడలు చిరిగి, వాటి స్థానంలో పెద్ద ఖాళీలు ఏర్పడటాన్ని ఎంఫైసీమా అంటారు. ఊపిరి ఊది గాలి దారులను చూసే ఊదుడు పరీక్ష బాగానే వచ్చినా సీటీలో ఎంఫైసీమా కనబడితే ముప్పు ఎక్కువే.

దీనికి ఒక్క కారణం లేదు. పొగలోని విషాలను కళ్లెతో పాటు పైకి నెట్టేసే సన్నని నూగు గాలి గొట్టాల లోపలి పొర మీద ఉంటుంది. అది దెబ్బతింటే విషాలు లోపలే ఎక్కువసేపు తిష్ఠ వేస్తాయి. పైగా సీఓపీడీలో వాపు ఎప్పుడూ చల్లారదు. కణాలు చస్తుంటాయి, వాటి చోట కొత్తవి పుడుతుంటాయి. ఎన్నిసార్లు మరమ్మతు జరిగితే డీఎన్‌ఏలో తప్పు దొర్లే అవకాశం అన్నిసార్లు ఉంటుంది. పొగ మానేసిన తర్వాత కూడా ఈ వాపు కొంత కొనసాగుతుంది. పుట్టుకతో వచ్చేదీ కొంత ఉంది. 15వ క్రోమోజోమ్ మీద నికోటిన్‌ను పట్టుకునే గ్రాహకాల జన్యువులున్న చోట కనబడే కొన్ని తేడాలకు సీఓపీడీతోనూ, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనూ, పొగకు బానిస కావడంతోనూ సంబంధం ఉంది.

నాకు సీఓపీడీ ఉందని ఎవరూ చెప్పలేదు. దగ్గు మాత్రం ఉంది. అదేమీ కాదనుకోవచ్చా?

అనుకోకండి. సీఓపీడీ ఉండి కూడా ఆ సంగతి తెలియనివాళ్లు చాలామంది. "పొగతాగేవాళ్లకు దగ్గు మామూలే" అన్న మాట దగ్గరే అందరూ ఆగిపోతారు. తేల్చుకోవడానికి స్పైరోమెట్రీ అనే ఊదుడు పరీక్ష చాలు. గాలి దారులను విప్పే మందు పీల్చిన తర్వాత గట్టిగా ఊదినప్పుడు, మొదటి సెకనులో బయటికి వచ్చిన గాలిని మొత్తం ఊదిన గాలితో భాగిస్తారు. ఆ నిష్పత్తి 0.70 కన్నా తక్కువుంటే గాలి దారులు ఇరుకయ్యాయని అర్థం. క్యాన్సర్ స్కాన్ గురించి ఆలోచిస్తున్న ప్రతి పొగతాగే మనిషీ ముందు ఈ పరీక్ష చేయించుకోవాలని నా గట్టి అభిప్రాయం. ముప్పు ఎంతో చెప్పేదీ, రేపు ఆపరేషన్ అవసరమైతే శరీరం తట్టుకుంటుందో లేదో మొదటి సూచన ఇచ్చేదీ ఈ పరీక్షే.

క్యాన్సర్ వస్తే ఒంట్లో తేడా తెలియదా?

తొలి దశలో తెలియదు. ఊపిరితిత్తి లోపలి కండకు నొప్పి తెలిసే నరాలు లేవు. గోళీకాయంత కణితి ఏడాదిపాటు పెరిగినా చప్పుడు ఉండదు. సీఓపీడీ ఉన్నవాళ్లకు ఇది మరీ ఇబ్బంది. క్యాన్సర్ తెచ్చే దగ్గు, ఆయాసం, నీరసం వాళ్లకు ముందే ఉన్నాయి. వాటిలో కొత్తది ఏదో వాళ్లకే తెలియదు, ఇంట్లోవాళ్లకూ తెలియదు. "చలికి ఎక్కువైంది" అని ఇన్హేలర్ ఇంకో రెండుసార్లు పీల్చి ఊరుకుంటారు.

లక్షణాలు బయటపడేసరికి చాలామందిలో జబ్బు పాకిపోయి ఉంటుంది. 2022లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 25 లక్షల మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ కొత్తగా బయటపడగా, దాదాపు 18 లక్షల మంది దాని వల్ల చనిపోయారు. ఏ క్యాన్సర్‌కూ ఇన్ని మరణాలు లేవు.

కళ్లెలో రక్తం పడుతోంది. స్క్రీనింగ్ స్కాన్‌కు పేరు రాయించుకోమంటారా?

వద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. స్క్రీనింగ్ అనేది ఏ కొత్త లక్షణమూ లేనివాళ్లకు చేసే పరీక్ష. కళ్లెలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోవడం, దగ్గు తీరు మారడం, ఒకే చోట ఛాతీనొప్పి, మళ్లీ మళ్లీ ఒకే వైపు నిమోనియా రావడం. వీటిలో ఏది ఉన్నా చేయాల్సింది వ్యాధి నిర్ధారణ పరీక్షలు. అవి ఈ వారంలోనే జరగాలి.

ఏటా ఛాతీ ఎక్స్‌రే తీయించుకుంటున్నాను. అది సరిపోదా?

సరిపోదు. ఎక్స్‌రేలో పక్కటెముకలు, గుండె, రక్తనాళాలు ఒకదాని మీద ఒకటి పడి కనబడతాయి. వాటి వెనక చిన్న కణితి సులభంగా దాక్కుంటుంది. అమెరికాలో 1,54,901 మందితో పీఎల్‌సీఓ అనే పెద్ద అధ్యయనం జరిగింది. అందులో సగం మందికి ఏటా ఎక్స్‌రే తీశారు. 2011లో ఫలితాలు వచ్చేసరికి, ఎక్స్‌రే తీసిన వర్గంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు తగ్గలేదని తేలింది. కళ్లె పరీక్షను ఎక్స్‌రేకు జోడించి 1970ల్లో చేసిన ప్రయత్నాలదీ అదే గతి.

ఇప్పటిదాకా మరణాలను తగ్గించినట్టు రుజువైన స్క్రీనింగ్ పరీక్ష ఒక్కటే, అది లో-డోస్ సీటీ.

నిజంగా ప్రాణాలు కాపాడుతుందా? ఎలా తేల్చారు?

రెండు పెద్ద అధ్యయనాల వల్ల తేలింది. అమెరికాలో 2002లో మొదలైన నేషనల్ లంగ్ స్క్రీనింగ్ ట్రయల్‌లో 55 నుంచి 74 ఏళ్ల మధ్య ఉన్న 53,454 మంది చేరారు. అందరూ బాగా పొగతాగినవాళ్లే. చీటీ వేసినట్టు వాళ్లను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి మూడేళ్లపాటు ఏటా లో-డోస్ సీటీ, మరో వర్గానికి ఎక్స్‌రే తీశారు. 2011లో ప్రచురించిన ఫలితాల్లో, సీటీ వర్గంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20% తక్కువగా ఉన్నాయి. రెండోది నెదర్లాండ్స్, బెల్జియంలలో జరిగిన నెల్సన్ అధ్యయనం. పదేళ్ల తర్వాత మగవాళ్లలో మరణాలు 24% తగ్గాయని 2020లో వెల్లడించారు. అందులో ఆడవాళ్ల సంఖ్య తక్కువే అయినా వాళ్లలో తగ్గుదల ఇంకా ఎక్కువగా కనబడింది.

20% అనే అంకె వినడానికి పెద్దగా ఉంటుంది. దాన్ని మనుషుల లెక్కలోకి మారిస్తే, అమెరికా అధ్యయనంలో సుమారు 320 మందికి స్కాన్ చేస్తే ఒక మరణం తప్పింది. ఈ రెండు అంకెలూ నిజమే, రెండూ రోగికి చెప్పాలి. ముప్పు ఎక్కువున్నవాళ్లలో స్కాన్ చేస్తే ఆ 320 తగ్గుతుంది, ముప్పు తక్కువున్నవాళ్లలో పెరుగుతుంది. అదే అధ్యయనంలో ఊదుడు పరీక్ష కూడా చేసిన భాగాన్ని తర్వాత విడిగా చూస్తే, గాలి దారులు ఇరుకైనవాళ్లలో క్యాన్సర్ రెండింతలు బయటపడింది. వెతకాల్సిన చోట వెతకడమంటే అదే.

"తొలి దశలో పట్టుకుంటే ఐదేళ్లు బతికేవాళ్లు ఎక్కువ" అంటారు కదా. ఆ లెక్క చాలదా?

చాలదు. ఈ తేడా తెలుసుకోవడం మంచిది. ఒక మనిషి 70వ ఏట క్యాన్సర్‌తో చనిపోతాడనుకుందాం. లక్షణాలతో 68లో బయటపడితే రెండేళ్లు బతికినట్టు లెక్క. స్కాన్‌లో 64లోనే కనబడి, అయినా 70లోనే చనిపోతే ఆరేళ్లు బతికినట్టు లెక్క. ఆయుష్షు ఒక్క రోజు కూడా పెరగలేదు, జబ్బు ఉందని తెలిసిన కాలం పెరిగింది అంతే. అందుకే ఐదేళ్ల లెక్కను నమ్ముకోకుండా, రెండు వర్గాల్లోనూ చివరికి ఎంతమంది చనిపోయారో లెక్కపెట్టారు. పైన చెప్పిన రెండు అధ్యయనాల విలువ అందులో ఉంది.

నేను అర్హుడినో కాదో ఎలా తెలుస్తుంది?

ప్యాక్-ఇయర్ లెక్కతో మొదలుపెడతారు. రోజుకు 20 సిగరెట్ల చొప్పున ఒక ఏడాది తాగితే ఒక ప్యాక్-ఇయర్. రోజుకు పది చొప్పున నలభై ఏళ్లు తాగినా, నలభై చొప్పున పదేళ్లు తాగినా 20 ప్యాక్-ఇయర్లే. అమెరికాలో నివారణ వైద్యంపై సలహాలిచ్చే నిపుణుల సంఘం 2021 నుంచి 50-80 ఏళ్ల మధ్య ఉండి, కనీసం 20 ప్యాక్-ఇయర్లు తాగి, ఇప్పటికీ తాగుతున్నవాళ్లకు లేదా మానేసి 15 ఏళ్లు దాటనివాళ్లకు ఏటా స్కాన్ సూచిస్తోంది. అంతకుముందు, 2013లో ఈ గీత 55 ఏళ్లు, 30 ప్యాక్-ఇయర్ల దగ్గర ఉండేది. ఇంగ్లండ్‌లో 55-74 ఏళ్లవారిని పిలిచి, ముందు ముప్పు ఎంతో లెక్కకట్టి, ఎక్కువున్నవాళ్లకే స్కాన్ చేస్తున్నారు. ఒక్కో దేశంలో ఒక్కో నియమం. మీరున్నచోట ఏది అమల్లో ఉందో మీ డాక్టర్‌నే అడగాలి.

ప్యాక్-ఇయర్ల లెక్కలో ఒక లోపముంది. దానికి మీ సీఓపీడీ కనబడదు. వయసు, పొగ మోతాదుతో పాటు సీఓపీడీ, కుటుంబంలో ఊపిరితిత్తుల క్యాన్సర్, ఇంతకుముందు వచ్చిన క్యాన్సర్, శరీర బరువు కూడా కలిపి లెక్కకట్టే పద్ధతులున్నాయి. పీఎల్‌సీఓఎం2012 వాటిలో బాగా పేరున్నది. వచ్చే ఆరేళ్లలో క్యాన్సర్ వచ్చే అవకాశం ఎంత శాతమో అది చెబుతుంది. వయసు గీతకు అటో ఇటో ఉన్న సీఓపీడీ రోగి విషయంలో డాక్టర్ ఇలాంటి లెక్క చూసి మాట్లాడితే నాకు ఎక్కువ నమ్మకం.

నేను తాగేది సిగరెట్ కాదు. బీడీ, చుట్ట, పైపు లాంటివాటిని ఎలా లెక్కపెట్టాలి?

ముప్పు వాటితోనూ ఉంది. ప్యాక్-ఇయర్ గీతలు సిగరెట్ల మీద కట్టినవి కాబట్టి అంకె అచ్చంగా సరిపోదు. రోజుకు ఎన్ని, ఎన్నేళ్లు అన్నది నిజంగా ఎంతో అంతే చెప్పండి. తగ్గించి చెప్పకండి.

పొగ మానేసి పన్నెండేళ్లయింది. ఇంకా భయముందా?

మానిన రోజు నుంచి ముప్పు తగ్గుతూ వస్తుంది. అయితే ఎన్నడూ తాగని మనిషి స్థాయికి పూర్తిగా దిగదు. 15 ఏళ్లు దాటితే స్కాన్ అక్కర్లేదన్న నియమాన్ని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2023లో తన సూచనల నుంచి తీసేసింది. సీఓపీడీ కూడా ఉంటే, మానేసి చాన్నాళ్లయిందన్న ధైర్యంతో ఈ సంగతి వదిలేయకండి.

ఎవరికి ఈ స్కాన్ వద్దంటారు?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. వినడం ఇంకా కష్టం. ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లను అమెరికా అధ్యయనంలో చేర్చుకోలేదు. గుండె బలహీనత, ఇతర తీవ్ర వ్యాధుల వల్ల ఆపరేషన్‌నూ రేడియేషన్‌నూ తట్టుకోలేనివాళ్లకు, ఏ వైద్యమూ వద్దని ముందే నిర్ణయించుకున్నవాళ్లకు స్కాన్ వల్ల ఒరిగేది లేదు. క్యాన్సర్ ఉందని తెలుస్తుంది, చేయగలిగింది తక్కువ ఉంటుంది. ఉన్న కాలాన్ని ఆ దిగులు తినేస్తుంది.

అలాగని సీఓపీడీ ఉందనగానే "మీకు పనికిరాదు" అనేయడం కూడా తప్పే. ఒక మోస్తరు సీఓపీడీ ఉండి, చదునైన నేల మీద తన వేగంతో నడవగలిగే మనిషికి స్కాన్ వల్ల లాభం బాగా ఉంటుంది. జబ్బు ముదిరే కొద్దీ ఆ లాభం సన్నగిల్లుతుంది. గీత ఎక్కడ గీయాలన్నది ఊదుడు పరీక్ష, నడక, గుండె, వయసు, మీ ఇష్టం, అన్నీ చూసి తేల్చాలి. "మీకు స్కాన్ అక్కర్లేదు" అని డాక్టర్ అంటే మిమ్మల్ని వదిలేశారని అర్థం కాదు. ఆయాసం తగ్గించే మందులు, శ్వాస వ్యాయామాలు, టీకాలు అన్నీ అలాగే ఉంటాయి, వాటి మీద ఇంకా ఎక్కువ శ్రద్ధ పెట్టమని అడగండి.

స్కాన్ ఎలా చేస్తారు? సూదులుంటాయా?

ఉండవు. పరగడుపున రావక్కర్లేదు. బల్ల మీద వెల్లకిలా పడుకుని, చేతులు తల పైకి పెట్టి, కొన్ని సెకన్లు ఊపిరి బిగపట్టాలి. ఆయాసం ఉన్నవాళ్లకు ఆ కొన్ని సెకన్లే కష్టమవుతాయి. ముందే చెబితే సిబ్బంది రెండుమూడుసార్లు సాధన చేయిస్తారు. ఇన్హేలర్ వాడుకుని వెళ్లండి. కళ్లె ఎక్కువ పడేవాళ్లు లోపలికి వెళ్లే ముందు ఒకసారి బాగా దగ్గి బయటికి తీసేయండి. గాలి గొట్టంలో అంటుకున్న కళ్లె ముద్ద స్కాన్‌లో కణితిలా కనబడి కంగారు పెట్టిన సందర్భాలు తక్కువేం కాదు.

పోయిన నెల నిమోనియా వచ్చి తగ్గింది. ఇప్పుడే స్కాన్ చేయించుకోనా?

ఆగండి. ఇన్ఫెక్షన్ తగ్గినా ఊపిరితిత్తుల్లో దాని జాడలు వారాల తరబడి ఉంటాయి, క్యాన్సర్‌లా భ్రమ పెడతాయి. అమెరికా అధ్యయనంలో గత 12 వారాల్లో శ్వాస ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్స్ వాడినవాళ్లను చేర్చుకోలేదు. ఏటా రెండుమూడుసార్లు జబ్బు తిరగబెట్టే సీఓపీడీ రోగికి అనువైన సమయం దొరకడమే కష్టం. కుదుటపడ్డ నెలల్లో పెట్టుకోండి. నిమోనియా ఒకే చోట పదేపదే వస్తుంటే మాత్రం ఆగకూడదు, అది వేరే సంగతి.

ఏటా రేడియేషన్ అంటే క్యాన్సర్ మనమే తెచ్చుకున్నట్టు కాదా?

ఒక లో-డోస్ స్కాన్‌లో సుమారు 1.5 మిల్లీసీవర్ట్ రేడియేషన్ పడుతుంది. మామూలు ఛాతీ సీటీలో దానికి నాలుగైదు రెట్లు. ఏ పరీక్షా చేయించుకోకపోయినా నేల నుంచి, ఆకాశం నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్ వరకు పడుతూనే ఉంటుంది. ఇటలీలో పదేళ్లపాటు ఏటా స్కాన్ చేసిన అధ్యయనంలో, స్కాన్ పట్టుకున్న ప్రతి 108 ఊపిరితిత్తుల క్యాన్సర్లకు రేడియేషన్ వల్ల ఒక క్యాన్సర్ రావచ్చని అంచనా కట్టారు. ముప్పు లేదని కాదు, ఉంది. బాగా పొగతాగిన యాభై దాటిన మనిషికి ఈ బేరం లాభమే. ఎన్నడూ పొగతాగని ముప్పై ఏళ్ల మనిషి "ఒకసారి చూసుకుందాం" అని చేయించుకుంటే నష్టమే.

రిపోర్టులో "నాడ్యూల్" అని రాశారు. నిద్ర పట్టడం లేదు.

నాడ్యూల్ అంటే చిన్న గుండ్రటి మచ్చ, అంతే. ఈ వయసులో, ఇంత పొగతాగిన ఊపిరితిత్తుల్లో అలాంటివి లేకపోతేనే వింత. అమెరికా అధ్యయనంలో సీటీ స్కాన్లలో దాదాపు నాలుగింట ఒకటి అనుమానంగా వచ్చింది. ఆ అనుమానాల్లో నూటికి 96 క్యాన్సర్ కాదని చివరికి తేలింది. పాత ఇన్ఫెక్షన్ల మచ్చలు, ఊపిరితిత్తి లోపలి చిన్న శోషరస గ్రంథులు, కళ్లె ముద్దలు లాంటివే ఎక్కువ. టీబీ వచ్చి తగ్గినవాళ్లలో ఈ మచ్చలు మరీ ఎక్కువగా ఉంటాయి. మచ్చలో సున్నం సమంగా పేరుకుని ఉంటే అది పాతదని, భయం లేదని రేడియాలజిస్ట్ చెప్పగలరు. మీకు ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి, పాత ఫిల్ములుంటే ఇవ్వండి. రెండేళ్ల క్రితం సీటీలో ఉన్న గట్టి మచ్చ ఈరోజుకీ అదే కొలతలో ఉంటే కథ దాదాపు అక్కడితో ముగిసినట్టే.

ఇప్పుడు లంగ్-రాడ్స్ అనే పద్ధతిలో మచ్చలను వర్గాలుగా విడదీస్తున్నారు. దాన్ని ఆ అమెరికా అధ్యయనంలోని మొదటి స్కాన్లకు వర్తింపజేసి చూస్తే, అబద్ధపు అనుమానాలు సగానికి తగ్గాయి. మొదటి స్కాన్‌లో గట్టి మచ్చ 6 మిల్లీమీటర్ల లోపుంటే మళ్లీ ఏడాదికి రమ్మంటారు. 6 నుంచి 8 లోపు అయితే ఆరు నెలలకు. 8 నుంచి 15 లోపు అయితే మూడు నెలలకు, లేదా చురుగ్గా ఉన్న కణాలను వెలిగించి చూపే పెట్ స్కాన్. 15 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే వెంటనే తదుపరి పరీక్షలు.

క్యాన్సర్ అనుమానం పెట్టుకుని మూడు నెలలు ఎలా ఆగమంటారు? ఇప్పుడే తీసేయొచ్చు కదా?

అందరూ అడిగేది ఇదే, కోపంగా అడిగేవాళ్లూ ఉంటారు. ఆ కోపం సహజం. కానీ ఆ మూడు నెలలు వృథా కాదు, అదే ఒక పరీక్ష. క్యాన్సర్ పెరుగుతుంది, పాత ఇన్ఫెక్షన్ మచ్చ పెరగదు. 5 మిల్లీమీటర్ల గడ్డ 6.3 మిల్లీమీటర్లయితే కంటికి తేడా తెలియదు, కానీ దాని పరిమాణం రెట్టింపైనట్టు. అందుకే నెల్సన్ అధ్యయనంలో అడ్డకొలత బదులు కంప్యూటర్‌తో మొత్తం పరిమాణాన్ని కొలిచారు. 400 రోజుల్లోపు రెట్టింపయ్యేదాన్ని అనుమానించారు. చిన్న మచ్చ విషయంలో మూడు నెలలు ఆగడం వల్ల వైద్యం చేజారిపోవడం అరుదు. తొందరపడి, క్యాన్సర్ కాని మచ్చ కోసం బలహీనమైన ఊపిరితిత్తిలో కోత పెట్టించుకోవడం వల్ల జరిగే నష్టం మాత్రం తిరిగి పూడదు.

చేయకూడనిది ఒక్కటే, ఆ మూడు నెలల స్కాన్‌కు వెళ్లకపోవడం. తేదీ ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి.

సూదితో ముక్క తీసి పరీక్ష చేస్తామంటున్నారు. సీఓపీడీ ఉంటే ప్రమాదమా?

మామూలు మనిషికన్నా జాగ్రత్త ఎక్కువ కావాలి. ఛాతీ గోడ గుండా సూది పంపినప్పుడు ఊపిరితిత్తి నుంచి గాలి కారి, చుట్టూ చేరి, ఊపిరితిత్తిని ముడుచుకుపోయేలా చేయవచ్చు. ఈ పరీక్ష చేయించుకున్న ఐదుగురిలో ఒకరికి అటూఇటూగా ఇది జరుగుతుంది. చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది, కొందరికి గొట్టం వేయాలి. ఎంఫైసీమా ఉంటే ఆ అవకాశం పెరుగుతుంది, జరిగితే తట్టుకునే శక్తి తక్కువ. మచ్చ ఉన్న చోటును బట్టి నోటి ద్వారా గొట్టం పంపే బ్రాంకోస్కోపీతో తీయవచ్చేమో అడగండి. కొన్నిసార్లు ముక్క తీయడం కన్నా ఇంకో స్కాన్ కోసం ఆగడమే తెలివైన పని.

క్యాన్సరే అని తేలింది. ఊపిరితిత్తులేమో బలహీనం. ఆపరేషన్ ఎలా?

ముందు లెక్క కడతారు. ఇప్పుడు ఊదగలిగే గాలి ఎంత, రక్తంలోకి వాయువు చేరే శక్తి ఎంత, ఫలానా భాగం తీసేస్తే మిగిలేది ఎంత అని. ఆపరేషన్ తర్వాత ఆ రెండూ మీ వయసుకు ఉండాల్సిన దానిలో 60% దాటి మిగిలేలా ఉంటే ప్రమాదం తక్కువ. 30% లోపు మిగిలేలా ఉంటే చాలా ఆలోచించాలి. మధ్యలో ఉన్నవాళ్ల చేత మెట్లెక్కించి, లేదా సైకిల్ తొక్కించి ఆక్సిజన్ వాడే శక్తి కొలుస్తారు.

ఇక్కడ రెండు మంచి సంగతులున్నాయి. ఒకటి, ఊపిరితిత్తి అంచున ఉన్న 2 సెంటీమీటర్ల లోపు కణితికి ఇప్పుడు తమ్మె (ఊపిరితిత్తిలోని ఒక పెద్ద భాగం) మొత్తం తీసేయనక్కర్లేదు. చిన్న భాగం తీసినా ఫలితంలో లోటు రాలేదని జపాన్‌లో జరిగిన అధ్యయనం 2022లో, అమెరికా ఆధ్వర్యంలో జరిగిన మరో అధ్యయనం 2023లో చూపించాయి. తొలి దశలో పట్టుకోవడం సీఓపీడీ రోగికి ఎందుకంత ముఖ్యమో ఇక్కడ అర్థమవుతుంది. కణితి ఎంత చిన్నదైతే ఊపిరితిత్తి అంత మిగులుతుంది. దీనికి తోడు, కణితి ఎంఫైసీమాతో పూర్తిగా పాడైన పై భాగంలో ఉంటే, దాన్ని తీసేశాక పక్కనున్న మంచి భాగం విచ్చుకోవడానికి చోటు దొరికి కొందరికి ఆయాసం తగ్గుతుంది కూడా.

రెండోది, ఆపరేషన్‌కు పనికిరానివాళ్లకు గురి చూసి ఇచ్చే రేడియేషన్. కోత లేదు, మత్తు లేదు, చాలామందికి మూడు నుంచి ఐదు విడతల్లో అయిపోతుంది. ఇలాంటి రోగులతోనే అమెరికాలో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మూడేళ్ల తర్వాత నూటికి 97 మందికి పైగా ఆ కణితి ఉన్నచోట అదుపులోనే ఉంది. మూడేళ్లకు బతికున్నవాళ్లు మాత్రం 56%. శరీరంలో మరోచోట జబ్బు బయటపడటం, గుండె, ఊపిరితిత్తుల ఇతర వ్యాధులు దానికి కారణాలు. ఈ రెండో అంకెను దాచి మొదటిది మాత్రమే చెప్పడం సరికాదు.

స్కాన్‌లో కనబడే ప్రతి క్యాన్సరూ ప్రాణం తీసేదేనా?

కాదు. కొన్ని ఎంత నిదానంగా పెరుగుతాయంటే, స్కాన్ చేయకపోయుంటే ఆ మనిషికి జీవితాంతం వాటి సంగతే తెలిసేది కాదు. అమెరికా అధ్యయనంలో బయటపడ్డ క్యాన్సర్లలో ఇలాంటివి 18% దాకా ఉండొచ్చని మొదట అనుకున్నారు. ఎక్కువ ఏళ్లు గమనించాక ఆ అంచనా 3 శాతానికి తగ్గింది. అద్దం మీద ఆవిరి పట్టినట్టు పలచగా కనబడే మచ్చల విషయంలో డాక్టర్లు నిదానంగా ఉండటానికి ఇదే కారణం.

రక్త పరీక్ష కానీ, పెట్ స్కాన్ కానీ నేరుగా చేయించుకోవచ్చా?

స్క్రీనింగ్ కోసం వద్దు. రక్తంతో పట్టే పరీక్షలు వస్తున్నాయి కానీ లో-డోస్ సీటీ స్థానంలో నిలిచేది ఇంకా లేదు. పెట్ స్కాన్ అనుమానపు మచ్చను తేల్చడానికి పనికొస్తుంది, అదీ టీబీ లాంటి ఇన్ఫెక్షన్లలో తప్పుగా వెలుగుతుంది.

స్కాన్ బాగుందన్నారు. ఇంక సిగరెట్ గురించి అంత పట్టింపు ఎందుకు?

ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. స్కాన్ క్యాన్సర్‌ను ఆపదు, కనబడితే చూపిస్తుంది. రెండు స్కాన్ల మధ్య వేగంగా పెరిగే రకాలున్నాయి, అవి దీనికి చిక్కవు. అమెరికా అధ్యయనంలో పాల్గొన్నవాళ్ల వివరాలు తర్వాత పరిశీలిస్తే, పొగ మానేసి ఏడేళ్లయినవాళ్లకు కలిగిన మేలు స్కాన్ వల్ల కలిగిన మేలుకు సమానంగా ఉంది. పదిహేనేళ్లు మానేసి, స్కాన్ కూడా చేయించుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 38% తక్కువ. మీకు సీఓపీడీ కూడా ఉంది కాబట్టి ఇంకో మేలుంది. ఊపిరితిత్తులు తరిగిపోయే వేగాన్ని నిజంగా తగ్గించేది పొగ మానడమే. రేపు ఆపరేషన్ అవసరమైతే తట్టుకునే శక్తి మిగిలేది కూడా దాని వల్లే.

మనోబలం ఒక్కటే సరిపోవాలని పట్టుబట్టకండి. వారెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలు, నికోటిన్ పట్టీలు, చూయింగ్ గమ్ ఉన్నాయి, మాట్లాడి దారి చూపే కౌన్సెలర్లున్నారు. మందు, మాట రెండూ కలిస్తే మానగలిగేవాళ్లు పెరుగుతారు. నాలుగుసార్లు మానేసి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు ఐదోసారి మానేయడం మామూలే.

స్కాన్‌లో ఇంకేమైనా బయటపడతాయా?

గుండె రక్తనాళాల్లో సున్నం, ఎంఫైసీమా ఎంత ఉందన్నది, వెన్నుపూసల బలహీనత, థైరాయిడ్ గడ్డలు. గుండె సున్నం సంగతి తేలిగ్గా తీసుకోకండి. సీఓపీడీ ఉన్న పొగతాగేవాళ్లలో గుండెజబ్బు మరణాలు తక్కువేం కావు.

నాన్న రానంటున్నారు. "ఉంటే తెలుసుకుని ఏం చేయాలి" అంటున్నారు. ఎలా ఒప్పించాలి?

ముందు ఆయన ఎందుకంటున్నారో వినండి. చాలామంది పెద్దవాళ్లకు భయంతో పాటు సిగ్గు కూడా ఉంటుంది, తన చేతులతో తెచ్చుకున్న జబ్బని. "నేను చెప్తే విన్నావా" అనే మాట ఒక్కసారి నోరు జారినా ఆయన ఆ తలుపు మూసేస్తారు. తొలి దశలో కనబడితే కోత లేకుండా కూడా వైద్యం ఉందని చాలామందికి తెలియదు, ఆ సంగతి చెప్పండి. వెంట వెళ్తానని చెప్పండి. అన్నీ విన్నాక కూడా వద్దంటే అది ఆయన నిర్ణయం, దాన్ని గౌరవించాలి. వచ్చే ఏడాది మళ్లీ ఒకసారి అడగవచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం సిద్ధం చేసుకోవాలి?

ఏ వయసులో మొదలుపెట్టారు, రోజుకు ఎన్ని, మధ్యలో ఎప్పుడు మానేశారు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఊదుడు పరీక్ష రిపోర్టులు, పాత ఎక్స్‌రేలు, సీటీలు, వాడుతున్న మందులు పట్టుకెళ్లండి. ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరో ముందురోజు ఇంట్లోనే చూసుకుని వెళ్లండి. ఆ ఒక్క అంకె డాక్టర్‌కు చాలా చెబుతుంది. అక్కడ అడగాల్సినవి: నా ముప్పు ఎంత, మచ్చ కనబడితే తర్వాత ఎవరు చూస్తారు, క్యాన్సరే అయితే నా ఊపిరితిత్తులకు ఏ వైద్యం వీలవుతుంది, వచ్చే ఏడాది స్కాన్ తేదీని ఎవరు గుర్తుచేస్తారు.